ఒక్కపొద్దు గిన్నె

ఆ రోజు పొద్దున ఆకాశం కురవనూ లేదు, తెరిపి ఇవ్వనూ లేదు. తూర్పున ఒక్క చీలికలో కాస్త వెలుతురు కనిపించి మళ్ళీ మూసుకుపోయింది. అలాంటి మబ్బుకు మట్టి ఆరదు, రంగు పట్టదు. వినాయక చవితికి ఇంకా ఆరు రోజులున్నాయి. ఆ ఆరు రోజులూ ధూల్‌పేట్‌లో ఎవరికీ నిద్ర ఉండదు. అందుకే ముందురోజు విగ్రహాలు చేసే రామ్‌చందర్ పరంజా పలక మీది నుంచి కింద పడితే ఎవరూ ఆశ్చర్యపోలేదు.

బాలనర్సింహ ఎనిమిదిన్నరకు రామ్‌చందర్ కార్ఖానా ముందు బండి ఆపాడు. లాడ్ బజార్‌లో గాజుల దుకాణం మీది గది అతని డిటెక్టివ్ ఆఫీసు. సొంత ఊరు కల్వకుర్తి అవతల. చదివింది ఊరి బడిలో. మాట తక్కువ. నిన్న సాయంత్రం రామ్‌చందర్ కూతురు గీతాంజలి ఫోన్ చేసింది.

"బాపు వారం సంది కండ్లు తిరిగి పడుతున్నడన్నా. గుండె దడదడ కొట్టుకుంటది. అందరు టెన్షన్ అంటున్నరు. నేను నమ్మ."

లోపల ఉన్న ఒక్క కుర్చీలో ఇన్‌స్పెక్టర్ లక్ష్మీకాంత్ కూర్చుని ఉన్నాడు. అతనిది కోస్తా వైపు. ఇద్దరికీ ఇది మూడో తగాదా. మొదటి రెండింటిలో బాలనర్సింహ చెప్పిందే నిజమైంది. అది లక్ష్మీకాంత్ మరిచిపోలేదు.

"రండి డిటెక్టివ్ గారూ. గాజుల బేరం లేదా ఇవాళ?"

"నువ్వెందుకొచ్చినవ్ సార్?"

"ఆసుపత్రి వాళ్ళు కబురు పంపారు కాబట్టి. ఎత్తు మీంచి పడ్డ కేసు. చూశాను, అయిపోయింది." లక్ష్మీకాంత్ వేళ్ళు మడిచాడు. "మనిషికి యాభై ఏడేళ్ళు. వారంగా ఒంటిపూట తిండి. నలభై విగ్రహాలు ఒప్పుకున్నాడు. పన్నెండడుగుల ఎత్తున పలక మీద నిలబడ్డాడు. కళ్ళు తిరిగాయి, పడ్డాడు. కింద కొబ్బరిపీచు బస్తాలు ఉన్నాయి కాబట్టి బతికాడు. ఆందోళన అని డాక్టర్ రాసిచ్చాడు. ఒంటిగంటకి ఇంటికి పంపేస్తున్నారు."

"తిండి?"

"రెండింటికి ఇంట్లోనే తింటాడు. ఉండి వడ్డించు కావాలంటే."

బాలనర్సింహ గోడ గడియారం వైపు చూశాడు. ఎనిమిది నలభై. రెండింటికి ఇంకా అయిదు గంటల ఇరవై నిమిషాలు.

గీతాంజలి మెట్ల దగ్గర నిలబడి ఉంది. ఇరవై నాలుగేళ్ళుంటాయి. గోళ్ళలో పసుపు రంగు. ఫోన్ ఇచ్చింది. అందులో రోజూ రాసి పెట్టుకుంది. సోమవారం మూడు ముప్పైఅయిదుకు తల తిరిగింది. మంగళవారం మూడు ఇరవైకి తల తిరిగింది, గుండె దడ, గంటసేపు. బుధ, గురు, శుక్రవారాలు ఏమీ లేదు. శనివారం మూడున్నరకు మళ్ళీ. నిన్న ఆదివారం మూడు నలభైకి పడిపోయాడు.

"తినేది రెండింటికే?"

"రోజు రెండింటికే. ఒక్కపొద్దు కదన్నా."

విగ్రహానికి కన్ను ఆఖరున పెడతారు. ఈ కార్ఖానాలో తాతల నాటి నుంచి కన్ను పెట్టేది ఇంటి పెద్దవాడు ఒక్కడే. మొదటి కన్ను పెట్టిన రోజు నుంచి ఆఖరి కన్ను దాకా అతను రోజుకు ఒక్కసారి తింటాడు, ఉప్పు ముట్టడు. సగ్గుబియ్యం ఉడికించి, మిరియాలపొడి చల్లి పెడతారు. దానికి వేరే పొయ్యి, వేరే గిన్నె. ఆ గిన్నెలోది ఇంకెవరూ ముట్టరు, వండినవాళ్ళు కూడా రుచి చూడరు.

"ఎవరూ రుచి చూడరు," అన్నాడు బాలనర్సింహ తనలో తాను.

"ఖాళీ కడుపు, టెన్షన్!" కుర్చీలోంచి అరిచాడు లక్ష్మీకాంత్. "నాకు బందోబస్తు వారమంతా అలాగే ఉంటుంది. నేనూ పడిపోతానా?"

"బాపు ఇంకేమన్నడు?"

గీతాంజలి ఆలోచించింది. "నోరెండుతుందని బిందెడు నీళ్ళు తాగిండు. లైటు ఆపుమన్నడు, గుచ్చుకుంటుందంట. శనివారం నా మొఖం దగ్గర పెట్టి చూసి ఎవరే అన్నడు. గల్లీ చివర బ్యానర్ మాత్రం సాఫ్‌గ చదివిండు."

"దగ్గరిది కనపడలే. దూరపుది కనపడ్డది."

"అవునన్నా."

బాలనర్సింహ లక్ష్మీకాంత్ వైపు తిరిగాడు. "టెన్షన్‌కు తల తిరుగుతది, గుండె కొట్టుకుంటది, నోరెండుతది. అంతా నిజమే. దగ్గరి చూపెందుకు పోతది సార్?"

"చత్వారం."

"శుక్రవారం లేని చత్వారం శనివారం వచ్చిందా?"

లక్ష్మీకాంత్ ఫోన్ తీసి చూసుకోవడం మొదలుపెట్టాడు.

షెడ్డులో కన్ను పెట్టిన విగ్రహాలు వరసగా ఉన్నాయి, పదహారు. బాలనర్సింహ వాటి ముందుకు వెళ్ళలేదు. వెనక్కి వెళ్ళాడు. ప్రతి పీఠం వెనకా సుద్దముక్కతో నంబరు, తేదీ రాసి ఉన్నాయి. రోజుకు రెండు చొప్పున. అవి చదివాక ముందుకొచ్చి, ఒక్కో విగ్రహం ముందు మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళు మాత్రం చూశాడు. అంతకుముందు ఆదివారం నాటి మొదటి రెండు ఒకే ఊపిరిలో గీసినట్టున్నాయి. సోమవారం ఉదయానిది బాగుంది. సాయంత్రం దాంట్లో పైరెప్ప గీత రెండుసార్లు పడింది. మంగళవారం రెండింటిలోనూ నల్లగుడ్డు పక్కకు జారింది.

"ఏ భాయ్! స్వామి ముంగట కూసొని ఏం దేవులాడుతున్నవ్?"

రామ్‌చందర్ తమ్ముడు అంజన్. నలభై ఎనిమిదేళ్ళు. మోచేతుల దాకా మట్టి.

"నీ అన్నకు విషమెవరు పెడుతున్నరో దేవులాడుతున్న."

అంజన్ చేతిలోని తాపీ కింద పడేశాడు. "ఏమన్నవ్?"

"మంగళవారం నీకూ మీ అన్నకూ లొల్లి అయిందని గీతాంజలి చెప్పింది."

"అయింది. ఐతే? మట్టి నాది. తొండం నాది, బొజ్జ నాది, కిరీటం నాది. ముప్పై ఏండ్లు. కన్ను మాత్రం అన్నదే. చేయి వణుకుతుందని నేను పెడ్తనన్న. నీ తర్వాత నేనే కదా అన్న. లేదు, బిడ్డ గీత పెడ్తదన్నడు. ఆడపిల్ల పెడ్తదంట!"

"చేయి ఎప్పుడు వణుకుతదా అని చూస్తున్నవా?"

అంజన్ అతని కాలరు పట్టుకున్నాడు. చొక్కా మీద అయిదు మట్టి వేళ్ళు పడ్డాయి. బాలనర్సింహ చెయ్యి తియ్యలేదు, వెనక్కి జరగలేదు.

"ఈ వారంల ఎప్పుడన్న షెడ్డు ఇడిచి పోయినవా?"

"పోలే! ఏడు దినాలు గీడనే చచ్చిన. పండింది గీడనే. పోయి అడుగు ఎవ్వణ్ణన్న!"

"చాలు."

"ఏం చాలు?"

"కాలరు ఇడువు. దవాఖానకు పోయి అన్నను తెచ్చుకో."

అంజన్ ఉమ్మేసి బయటికి పోయాడు. కుర్చీలోంచి లక్ష్మీకాంత్ నవ్వాడు. "చొక్కా బాగుంది."

బాలనర్సింహ మిగతా విగ్రహాలు చూశాడు. బుధవారం వాటిలో కొంచెం వణుకు ఉంది, గుడ్డు మాత్రం జాగాలోనే ఉంది. గురువారం, శుక్రవారం వాటిలో ఒక్క తప్పు లేదు. శనివారం సాయంత్రం మళ్ళీ జారింది. నిన్న ఆదివారం నాటివి చూడలేకపోయాడు. ఒక కన్ను పైకి, ఒక కన్ను కిందికి ఉన్నాయి. ఆ పక్కనే వెదురు పలకల మధ్య, గుడ్డ కప్పిన పెద్ద విగ్రహం ఇంకా కన్ను లేకుండా నిలబడి ఉంది.

వెనక వసారాలో రామ్‌చందర్ భార్య సుశీలమ్మ ఇత్తడి గిన్నె తోముతోంది. సగ్గుబియ్యం అప్పటికే నానబెట్టి పెట్టింది. తల ఎత్తలేదు.

"వంటింటి దాకా వచ్చినవ్. పోలీసులకు లేని హక్కు నీకేడిది?"

"మీ బిడ్డ పిలిచింది అక్కా."

"దానికి తెలివి తక్కువ. పని ఎక్కువై, తిండి తక్కువై పడ్డడు. ఇగ పని బంద్ చేస్తడు. ఐపోయింది. పో."

"వారమంతా నువ్వే వండినవా?"

"మూడొద్దులు లేను. మా అక్క కాలు ఇరిగి జల్‌పల్లిల పడి ఉన్నది. బుధవారం పొద్దుగాల పోయిన. శుక్రవారం చీకటి పడ్డంక వచ్చిన. అప్పుడు గీత వండింది." గిన్నె బోర్లించింది. "ఇంకేంది?"

గోడ మీద దండ వేసిన ఫోటో ఉంది. నవ్వుతున్న కుర్రవాడు.

"కొడుకా?"

"బబ్లూ. ఇరవై రెండేండ్లు. పోయిన ఏడాది గాదు, అంతకు ముందేడు. విగ్రహం తీస్కపోంగ కిరీటం కరెంటు తీగకు తగిలింది. కట్టెతోని తీగ లేపెటందుకు మీద కూసున్నది వీడే."

"ఎంత ఎత్తుది?"

"పద్దెనిమిది ఫీట్లు."

"ఇప్పుడు షెడ్డుల లేస్తున్నది?"

సుశీలమ్మ బోర్లించిన గిన్నెను మళ్ళీ చేతిలోకి తీసుకుంది. చెప్పినప్పుడు అతనికి కాదు, గిన్నెకు చెప్పింది. "పద్దెనిమిది."

అతను వెనక తలుపు తీసుకుని బయటికి పోయాడు. ప్రహరీ పక్కన విరిగిన అచ్చులు, తడిసిన గడ్డి. గోడ మూల నడుమెత్తు ఉమ్మెత్త చెట్టు ఉంది. చవితి పూజకు ఇరవై ఒక్క పత్రిలో దీని ఆకు ఒకటి, అందుకే ఎవరూ పీకెయ్యలేదు. ఆకులన్నీ ఉన్నాయి. తెల్లపూలు ఉన్నాయి. పత్రి కోసం ఆకు తెంపుతారు గాని కాయ జోలికి ఎవరూ పోరు. ఇక్కడ ఆకు ఒక్కటీ పోలేదు, కాయలు పోయాయి. కత్తితో కోసిన తొడిమెలు నాలుగు ఉన్నాయి. రెండు ఎండి నల్లబడ్డాయి. రెండు ఇంకా పచ్చిగా ఉన్నాయి. ఒకే ఒక ముళ్ళకాయ మిగిలింది.

అతనికి తొమ్మిదేళ్ళప్పుడు ఊళ్ళో ఒక గొర్రెల కాపరి తెలియక ఇది తిన్నాడు. మధ్యాహ్నమంతా గాలిలో లేని దారం ఏరుకుంటూ కూర్చున్నాడు. కంటి నలుపు కన్నంతా నిండిపోయింది. తెల్లారేసరికి గుండె ఆగింది.

ఒకటిన్నరకు ఆ కాయను దస్తీలో చుట్టి తెచ్చి లక్ష్మీకాంత్ ముందు పెట్టాడు. అతను అప్పటిదాకా గల్లీలో బందోబస్తు చూసుకుని అప్పుడే తిరిగొచ్చాడు.

"ఇది టెన్షన్ కాదు. దీని గింజ. మిరియాలపొడిల కలిస్తే చూపుకు ఎవనికీ ఎర్క కాదు. ఇంకోపాలి తింటే మనిషి దక్కడు."

లక్ష్మీకాంత్ కాయను చూశాడు. లేచి నిలబడ్డాడు. ఇప్పుడు అతని మొహంలో నవ్వు లేదు, తొందర ఉంది. "అంటే హత్యాయత్నం. వండింది తల్లీ, కూతురూ. అమ్మాయ్! నువ్వెన్ని రోజులు వండావు?"

"మూడు దినాలు సార్," అంది గీతాంజలి.

"బ్రష్ నీకిస్తానన్నాడు. బాబాయి అడ్డం పడ్డాడు. నాన్న మంచం పడితే ఈ ఏడే నీ చేతికొస్తుంది. ఈయన్ని పిలిచింది నువ్వే, అనుమానం బాబాయి మీదికి పోవాలని. తెలివైనదానివే." తనతో వచ్చిన లేడీ కానిస్టేబుల్‌కు సైగ చేశాడు. "జీపు ఎక్కించు."

"సార్, ఆగు," అన్నాడు బాలనర్సింహ.

"నీ పని అయిపోయిందయ్యా. ఇంకొక్క మాట మాట్లాడితే నిన్నూ ఎక్కిస్తా. పోలీసు పనిలో అడ్డుపడ్డావని రాస్తా."

"రాసుకో. ముందు విగ్రహాలు చూడు."

"దేవుడొచ్చి సాక్ష్యం చెప్తాడా?"

"కండ్లు చెప్తయి. ఎన్క తేదీ ఉన్నది, ముంగట కన్ను ఉన్నది. సోమవారం పొద్దుగాల చేయి బాగుంది, తిన్నంక చెడింది. మంగళవారం మస్తు చెడింది. బుధవారం తగ్గుతొచ్చింది. గురు, శుక్రవారం ఒక్క గీత తప్పలే. శనివారం మళ్ళ. ఈ పిల్ల వండిన మూడు దినాలే ఆయన బాగున్నడు."

లక్ష్మీకాంత్ వరస వెంట నడిచాడు. వంగి చూశాడు. చివరిదాకా పోయి ఆగాడు. కానిస్టేబుల్ గీతాంజలి చెయ్యి ఇంకా వదల్లేదు.

"అంజన్?"

"అంజన్ ఏడు దినాలు గీడనే ఉన్నడు. ఆ మూడు దినాలు ఎందుకు ఆపుతడు?"

"అయితే ఆ మూడు రోజులు లేనిదెవరు?"

బాలనర్సింహ సుద్దముక్క రాతల వైపు చూస్తూ నిలబడ్డాడు. బయట ఆటో వచ్చి ఆగిన చప్పుడు అయింది. ఎవరూ అటు చూడలేదు.

"చెప్పవా? సరే. కలిసి చేశారనుకుంటా. అమ్మాయిని ఎక్కించు."

"ఆ పిల్లను ఇడువు."

వసారా గడపలో సుశీలమ్మ. చేతిలో మూత పెట్టిన ఇత్తడి గిన్నె.

"ఆమె చేయి ఇడువు సారూ. కాయ కోసింది నేను. నూరింది నేను."

"అమ్మా!" అంది గీతాంజలి.

"అరవకు. చంపాలని కాదు. చేయి వణకాలె, కుంచె కింద పెట్టాలె, గంతే. పద్దెనిమిది ఫీట్లది మళ్ళ లేపుతున్నడు. కాళ్ళు పట్టుకున్న, ఇనలే. కన్ను పెట్టకుంటే అది గల్లీ దాటదు కదా అనుకున్న." ఆమె లక్ష్మీకాంత్ వైపు తిరిగింది. "స్వామికి పెట్టే చెట్టే కదా సారూ అది. స్వామి పని చేసే మనిషిని గది చంపుతదా?"

బాలనర్సింహ అన్నాడు, "చంపుతదక్కా."

ఆమె గిన్నె మూత మీద అరచెయ్యి పెట్టింది.

"ఏం కేసు లేదు సార్." గేటు దగ్గర రామ్‌చందర్. అంజన్ భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. కళ్ళలో నలుపు ఇంకా నిండుగానే ఉంది, వెలుతురుకు చిట్లించుకుంటున్నాడు. ఆటోలోంచి దిగినప్పటి నుంచి ఇద్దరూ అంతా విన్నారు.

"కేసు ఉందో లేదో నేను చెప్తాను," అన్నాడు లక్ష్మీకాంత్.

రామ్‌చందర్ పట్టించుకోలేదు. వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. శ్వాస తీసుకున్నాడు. మెడ దగ్గర నరం ఎగురుతోంది. "రెండైందా? ఆకలైతుంది. గిన్నె తే సుశీలా."

ఎవరూ కదల్లేదు.

బాలనర్సింహ అతని ముందు కూర్చున్నాడు. పొద్దుటి నుంచి ఒక సంగతి అతని మనసులో నలుగుతూ ఉంది. ఉమ్మెత్త గింజ చేదును మిరియాలు దాచలేవు. పైగా, కంటి గీత తప్పితే తుడిచి మళ్ళీ పెట్టుకునే మనిషి, చెయ్యి తప్పిన రోజుల్లో పెట్టిన ఒక్క కన్నూ తుడవలేదు.

"చేదుగ లేదా అన్నా?"

రామ్‌చందర్ వెలుతురుకు కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "సోమవారం మొదటి ముద్దకే ఎర్కైంది."

గీతాంజలి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఎర్కై తిన్నవా?"

"ఆమె పెడ్తుంది కదా అని తిన్న." గోడ మీది ఫోటో వైపు చూశాడు. అంత దూరం అతనికి బాగానే కనిపిస్తుంది. "ఆ దినం డ్రైవర్ బండి ఆపిండు. తీగ కిందికి ఉన్నది, రెండో తొవ్వల పోదామన్నడు. ముహూర్తం పోతదని నడుపుమన్నది నేను. ఆమెకు చెప్పలే. రెండేండ్లు చెప్పలే."

సుశీలమ్మ గిన్నెను రెండు చేతులా పట్టుకుంది.

"మళ్ళ గంతే ఎత్తుది ఎందుకు ఒప్పుకున్నవ్ బాపు?" అని అడిగింది గీతాంజలి.

"ఈసారి మీద నేను కూసొని పోదామని."

అంజన్ వచ్చి అన్న భుజం మీద చెయ్యి వేశాడు.

లక్ష్మీకాంత్ టోపీ చేతిలోకి తీసుకున్నాడు. ఈ మనుషులను ఏ సెక్షన్ కింద రాయాలో అతనికి తట్టలేదు. అది బాలనర్సింహ మీద కోపంగా మారింది. "నీ వల్లేనయ్యా ఇదంతా. డాక్టర్ ఇచ్చే నిద్రమాత్రతో సర్దుకుపోయేది."

"నిద్రమాత్ర మింగి, రెండింటికి ఆ గిన్నెల తినేటోడు. రేపు నువ్వే పంచనామా రాస్తుంటివి."

లక్ష్మీకాంత్ గడియారం చూసుకున్నాడు. "ఆయన్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆవిడ నాతో రావాలి. ఆ గిన్నె సీలు చేసుకోండి."

"ఇప్పుడు గిన్నెల ఏమన్న ఉందా అక్కా?" అన్నాడు బాలనర్సింహ.

సుశీలమ్మ తల ఊపింది. ఉందని.

రామ్‌చందర్ అయినా చెయ్యి చాచాడు. గీతాంజలి ముందుకొచ్చి తల్లి చేతిలోంచి గిన్నె లాక్కుంది. తీసుకెళ్ళి కానిస్టేబుల్ చేతికిచ్చింది. లోపలికి పోయి, పొద్దున తానే అందరికీ వండిన అన్నం, ఇంకా ఉప్పు వెయ్యని పప్పు తెచ్చింది. నేల మీద అయిదు పళ్ళేలు వరసగా పెట్టింది. ఒకటి బాలనర్సింహ ముందు. ఉప్పు డబ్బా తెచ్చి తల్లి ముందు పెట్టింది.

"తిన్నంక తీస్కపో సార్," అంది.

లక్ష్మీకాంత్ ఆ పిల్ల మొహం చూశాడు. "ఇరవై నిమిషాలు." బయటికి నడిచాడు.

సుశీలమ్మ వడ్డించింది. మిగతా నలుగురూ ఆమె చేతులే చూశారు. రామ్‌చందర్ పళ్ళెం దగ్గర ఆమె ఆగింది. ఉప్పు పడితే ఒక్కపొద్దు చెడుతుంది. ఒక్కపొద్దు చెడితే ఈ ఏడు అతను ఇంక కన్ను పెట్టడు. పెద్ద విగ్రహం గుడ్డ కిందే ఉంటుంది. ఆమె వేళ్ళ మధ్య చిటికెడు ఉప్పు పట్టుకుని అలాగే ఉంది.

రామ్‌చందర్ పళ్ళెం ఆమె వైపు కొంచెం జరిపాడు.

ఆమె ఉప్పు వేసింది. తన పళ్ళెం తెచ్చుకుని అతని పక్కన కూర్చుంది. రామ్‌చందర్ మొదటి ముద్ద కలిపాడు. దగ్గరిది కనపడక చెయ్యి పళ్ళెం అంచుకు తగిలింది. ఆమె పళ్ళేన్ని అతని చేతి కిందికి సరిపెట్టింది. అంజన్ మట్టి చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. గీతాంజలి తలవంచుకుని తింది. సుశీలమ్మ రెండోసారి అన్నం పెట్టింది, రామ్‌చందర్ వద్దనలేదు. బయట జీపు ఇంజను నడుస్తూనే ఉంది.